నిన్న పోసిన ఆయిల్ ఇవాళే నల్లబడిందేమిటి?

చిరంజీవులకు ఆశీస్సులు.

మీరు పంపిన ఫొటో చూశాను. ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అదే డిప్‌స్టిక్, దాని కొనను తెల్లగుడ్డకు తుడిచి, దాని మీద పడిన మసిచారను చూపిస్తూ "తాతయ్యా, నిన్ననే కొత్త ఆయిల్ పోశారు, ఫిల్టర్ కూడా మార్చారు. ఇవాళే ఇంత నలుపేమిటి? మెకానిక్ మోసం చేశాడా?" అని అడిగారు. పాపం, ఆయనను అనవసరంగా ఆడిపోసుకోకండి. డీజిల్ కారులో అది మామూలే. వచ్చే ఏడాది ఈ పని ఇంట్లోనే చేస్తానని మీ నాన్న అంటున్నాడు కాబట్టి సంగతంతా వివరంగా రాస్తున్నాను. పని ఆయన చేస్తాడు. పక్కన నిలబడి ప్రశ్నలతో ఊపిరాడనివ్వకుండా చేయడం మీ వంతు.

ముందు ఆ నలుపు సంగతి చూద్దాం. డీజిల్ ఇంజన్ గాలిని మాత్రమే లోపలికి పీల్చుకుంటుంది. పిస్టన్ ఆ గాలిని గట్టిగా నొక్కేసరికి అది విపరీతంగా వేడెక్కుతుంది. అప్పుడు డీజిల్‌ను సన్నటి తుంపరగా చిమ్ముతారు. నిప్పురవ్వ అక్కర్లేదు, ఆ వేడికే అంటుకుంటుంది. అయితే తుంపరలో గాలి సరిగా అందని చోట డీజిల్ పూర్తిగా కాలక మసి అవుతుంది. అందులో చాలా భాగం పొగగొట్టం దారి పడుతుంది. కొద్దిపాటి మసి పిస్టన్ రింగుల సందుల్లోంచి జారి ఆయిల్‌లో కలుస్తుంది. పైగా పాత ఆయిల్ ఎంత వంచినా మూలమూలల్లో కొంత మిగిలే ఉంటుంది. కొత్త ఆయిల్ నల్లబడటానికి ఆ కాస్తా చాలు.

"మరి ఫిల్టర్ ఏం చేస్తోంది?" అంటారు, తెలుసు. మసి రేణువు సైజు మిల్లీమీటరులో సుమారు పదివేలో వంతు. ఫిల్టర్ కాగితం గట్టిగా పట్టి ఉంచేది మిల్లీమీటరులో యాభయ్యో వంతు, అంతకు మించిన రేణువులను. రవ్వ జల్లెడలో మైదాపిండి పోస్తే నిలుస్తుందా? ఇదీ అంతే. ఇంజన్ అరుగుదలలో రాలే లోహపు పొడి, గట్టిపడిన బొగ్గు నలుసులు, గాలితో వచ్చిన ఇసుక దుమ్ము, ఇవీ ఫిల్టర్ పట్టేవి. బేరింగులను గీరేవి కూడా ఇవే. మసిని చూసుకోవడం ఆయిల్‌లో కలిపిన రసాయనాల పని. అవి మసి రేణువులను ఒకదానికొకటి అంటుకోనివ్వకుండా విడివిడిగా తేలుస్తూ ఉంచుతాయి. కాబట్టి నల్లబడిన ఆయిల్ తన పని తాను చేస్తున్నట్టే లెక్క.

చిక్కంతా ఆ రసాయనాలు అయిపోయాక మొదలవుతుంది. అప్పుడు మసి ముద్దలు కట్టి ఫిల్టర్ మడతల్లో పేరుకుంటుంది. కాగితంలోంచి ఆయిల్ దూరడం కష్టమవుతుంది. అలాంటి సమయానికని ఒక దొడ్డిదారి పెట్టారు, దాని పేరు బైపాస్ వాల్వ్. ఇంజన్‌కు ఆయిల్ అసలు అందకపోవడం కన్నా మురికి ఆయిల్ అందడం నయం కదా! అందుకని ఫిల్టర్ మూసుకుపోతే ఆ వాల్వ్ తెరుచుకుని, వడకట్టని ఆయిల్‌ను నేరుగా లోపలికి వదులుతుంది. ఒత్తిడి బాగానే ఉంటుంది కనుక డాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలగదు. కారు హాయిగా నడుస్తూనే ఉంటుంది, లోపల మాత్రం అరిగిపోతూ ఉంటుంది. అందుకే రంగు చూసి కాదు, కారుతో ఇచ్చిన పుస్తకంలో రాసిన కిలోమీటర్లూ నెలలూ చూసి మార్చాలి. రెండింటిలో ఏది ముందొస్తే అది. కారు తిరగకుండా షెడ్డులో పడి ఉన్నా ఏడాదికి మార్చాల్సిందే.

మీ ఇంట్లో ఉన్న స్విఫ్ట్ డీజిల్ ఇంజన్‌కు ఒక చరిత్ర ఉంది. ఇది ఫియట్ రూపొందించిన 1248 సీసీ మల్టీజెట్ ఇంజన్. మన దేశంలో మారుతి, టాటా, ఫియట్ మూడూ తమ కార్లలో దాన్ని వాడాయి. అందుకే కార్ల అభిమానులు సరదాగా 'జాతీయ ఇంజన్' అని పిలుచుకునేవారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 అనే కొత్త పొగ కాలుష్య నిబంధనలు రావడంతో మారుతి డీజిల్ కార్లే మానేసింది. ఇంజన్ లోపలి భాగాలను ఒకే లయలో తిప్పడానికి ఈ ఇంజన్‌లో టైమింగ్ బెల్టు ఉండదు, గొలుసు ఉంటుంది. ఆ గొలుసును బిగువుగా పట్టి ఉంచేది ఆయిల్ ఒత్తిడే. ఆయిల్‌ను నిర్లక్ష్యం చేస్తే గొలుసు సాగుతుంది, ఆ ఖర్చు ముందు ఫిల్టర్ ధర ఏ మూలకూ రాదు.

ఇక పని. మొదట జాగ్రత్త, దీనిలో బేరం లేదు. కారుతో ఇచ్చే జాకీ టైరు మార్చడానికే తప్ప మనిషి కిందికి దూరడానికి కాదు. సమతలమైన గట్టి నేల మీద కారు ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, నేల మీదే ఉండే చక్రాలకు చెక్క ముక్కలు అడ్డుపెట్టి, బరువుకు సరిపడే ఇనుప స్టాండ్ల మీద కారును నిలపాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు వద్దు. అవి చెప్పకుండా పగులుతాయి. అవన్నీ ఉన్నా మీరిద్దరూ కారు కిందికి తల పెట్టకూడదు. నాన్న ఒప్పుకున్నా నేను ఒప్పుకోను.

ఇంజన్‌ను కొన్ని నిమిషాలు నడిపి ఆపితే ఆయిల్ గోరువెచ్చబడి పలచగా దిగుతుంది. మరీ కాగితే చెయ్యి బొబ్బలెక్కుతుంది. పైన ఆయిల్ పోసే మూత వదులు చేయాలి. మెకానిక్‌లు చాంబర్ అనే ఆయిల్ తొట్టి అడుగున ఒక బోల్టు ఉంటుంది. చివరి మరల దగ్గర దాన్ని వేళ్లతో పైకి నొక్కిపెట్టి తిప్పుతూ, మరలు అయిపోయాయని తెలియగానే చటుక్కున పక్కకు లాగాలి. లేకపోతే బోల్టు పళ్లెంలో, ఆయిల్ మోచేతి దాకా. ఆయిల్ మొదట నేరుగా కిందికి పడదు, వంపు తిరిగి కాస్త దూరంగా దూకుతుంది. జోరు తగ్గేకొద్దీ దగ్గరికి వస్తుంది. దానికి తగ్గట్టు పళ్లెం జరపడం ఒక కళ. బోల్టు తిరిగి పెట్టేటప్పుడు కొత్త వాషర్ వేయాలి. చేతి తొడుగులు తప్పనిసరి, వాడిన ఇంజన్ ఆయిల్ ఏళ్ల తరబడి చర్మానికి తగిలితే క్యాన్సర్ ముప్పు ఉంది.

ఫిల్టర్లు రెండు రకాలు. ఒకటి రేకు డబ్బా, మొత్తంగా విప్పి పారేసేది. రెండోది మీ కారులో ఉన్నట్టు గూటిలో కూర్చునే కాగితపు ఫిల్టర్. దాని మూత విప్పాక పాత ఫిల్టర్‌ను వెంటనే పారేయకండి. మీకు అసలు పాఠం అక్కడుంది. మడతలు విప్పి ఎండలో చూడండి. మెత్తటి నలుపు ఉంటే పర్వాలేదు. మినుకుమినుకుమనే లోహపు పొలుసులు కనిపిస్తే మాత్రం మెకానిక్‌కు చూపించాలి.

మూత చుట్టూ ఉన్న నల్ల రబ్బరు రింగును తీసి, ప్యాకెట్‌లో వచ్చిన కొత్తదాని పక్కన పెట్టండి. కొత్తది గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. పాతది వేడికి గట్టిపడి, నొక్కుడుకు పలకలు తేలి ఉంటుంది. అది ఆయిల్‌ను ఇక ఆపలేదు. కొత్త రింగుకు కొత్త ఆయిల్ రాసి, దాని గాడిలోనే కూర్చోబెట్టాలి. రేకు డబ్బా రకంలో అయితే పాత రబ్బరు ఇంజన్‌కే అంటుకుని ఉండిపోవచ్చు. దాని మీదే కొత్తది బిగిస్తే ఆయిల్ అంతా చిమ్మి బయటికి పోతుంది. వేలితో తడిమి చూస్తే చాలు.

బిగింపు దగ్గర పెద్దవాళ్లే ఎక్కువ చెడగొడతారు. బలం చూపించాలని ఉంటుంది మరి. అలాంటి ప్లాస్టిక్ మూతల మీద సాధారణంగా 25 న్యూటన్ మీటర్లు అని అచ్చుపోసి ఉంటుంది. అంటే పావు మీటరు పొడవున్న పానా చివర పది కిలోల బరువు వేలాడదీసినంత బిగువు, అంతే! అంతకు మించితే మూత పగులుతుంది. రేకు డబ్బాకు పానాయే వద్దు. రబ్బరు తగిలాక చేత్తో ముప్పాతిక చుట్టు చాలు.

ఆయిల్ పుస్తకంలో రాసిన గ్రేడుదే పోయాలి. బీఎస్6 డీజిల్ కార్లలో పొగగొట్టం దారిలో మసిని పట్టే మరో ఫిల్టర్ ఉంటుంది. వాటికి బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే వాడాలి. బూడిద కాలదు కనుక ఆ ఫిల్టర్‌ను శాశ్వతంగా పూడ్చేస్తుంది. మీ ఇంజన్‌కు మూడు లీటర్లు, అటూఇటూ. ఒకేసారి గుమ్మరించకుండా, చివర్లో కొంచెం కొంచెంగా పోస్తూ డిప్‌స్టిక్ చూసుకోవాలి.

స్టార్ట్ చేశాక ఎర్రదీపం కొన్ని క్షణాలు వెలిగే ఉంటుంది. ఖాళీ ఫిల్టర్ నిండాలి కదా. ఆ దీపం ఆరేదాకా యాక్సిలరేటర్ ముట్టకూడదు. ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బో ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరగగలదు, అదీ ఆయిల్ పొర మీద తేలుతూ. పొర లేకుండా తిప్పితే ఏమవుతుందో వేరే చెప్పాలా? దీపం ఆరకపోతే వెంటనే ఆపేయాలి. ఆరితే రెండు నిమిషాలు నడిపి, కారు కింద కారుతోందేమో చూసి, ఇంజన్ ఆపి, కాసేపు ఆగి మళ్లీ డిప్‌స్టిక్ చూడాలి.

పాత ఆయిల్‌ను ఖాళీ డబ్బాల్లోకి గరాటుతో పోసి మెకానిక్ షెడ్డుకు ఇవ్వండి. చెదలు పట్టకుండా ఉంటుందని ఊళ్లో కంచె కర్రలకూ పశువుల పాక నిట్రాళ్లకూ దీన్ని పూస్తారు. వాన పడితే అది నేలలోకి, బావిలోకి దిగుతుంది, గేదెలు నాకుతాయి. మన ఇంట్లో ఆ పని వద్దు.

ఆ రోజు కిలోమీటర్లు, తేదీ ఒక చీటీ మీద రాసి బానెట్ లోపల అంటించండి. తర్వాత నెలకోసారి ఆయిల్ మట్టం చూసే బాధ్యత మీదే. కాస్త తగ్గితే కంగారు లేదు. పోయకుండానే పెరిగిందంటే మాత్రం డీజిల్ వచ్చి కలుస్తూ ఉండొచ్చు, ఆ సాయంత్రమే నాన్నకు చెప్పండి.

మీ తాతయ్య