నాన్న లేఆఫ్ సంగతి కాలేజీకి రాయండి

పిల్లలూ,

నిన్న ఫోన్లో మీ అమ్మ గొంతు విన్నాక రాయకుండా ఉండలేకపోయాను. సీటొచ్చింది, సంతోషం. కాలేజీ ఎంత ఆర్థిక సాయం ఇస్తుందో చెప్పే ఎయిడ్ లెటర్‌లో మాత్రం నాన్న ఇంకా ఉద్యోగం చేస్తున్నట్టే లెక్కేశారట. 2026-27 చదువుకు ఫాఫ్సా, అదే అమెరికా ప్రభుత్వ విద్యార్థి సాయం ఫారం, చూసేది 2024 పన్ను లెక్కలు. ఆ ఏడాది మీ ఇంట్లో రెండు జీతాలు. మొన్న జనవరిలో ఒకటి ఆగిపోయిందని ఆ ఫారానికెలా తెలుస్తుంది?

అందుకే ఎయిడ్ ఆఫీసుకు అప్పీల్ పెట్టుకోవచ్చు. వాళ్ల భాషలో 'ప్రొఫెషనల్ జడ్జిమెంట్'. ఉద్యోగం పోయినా, ఇన్సూరెన్స్ ఇవ్వని ఆసుపత్రి ఖర్చులు మీద పడినా, అమ్మానాన్నలు విడిపోయినా లెక్క మార్చే అధికారం చట్టం ఆ ఆఫీసుకిచ్చింది. అడిగినవాళ్లందరికీ గంపగుత్తగా కుదరదనడానికి లేదు, ఎవరిది వాళ్లకు విడిగా చూడాలి. కానీ చూసి కాదన్నారంటే అంతే, పైన విద్యా శాఖకు మొరపెట్టుకోవడానికి లేదు.

మా అమ్మాయప్పుడు మీ పెదనాన్న మూడు పేజీలు రాశారు. ఇరవై ఏళ్ల సర్వీసు, ఎవరి ముందూ చేయి చాచని వంశం, అన్నీ ఉన్నాయి. జీతమెంత, ఎప్పుడాగింది అన్నది తప్ప! ఉద్యోగం పోయిందన్న మాట మన ఇళ్లలో నోటికి రాదు కదా. అమ్మాయి అది పక్కనపెట్టి ఒకే పేజీ రాసింది: ఫలానా తేదీన లేఆఫ్, అప్పటి నెల జీతం ఇంత, ఇప్పుడొచ్చే నిరుద్యోగ భృతి ఇంత, అదీ ఫలానా వారం దాకానే. వెనక లేఆఫ్ లెటర్, చివరి పే స్టబ్ (జీతం చీటీ), భృతి కాగితం. మూడు వారాలకు ఆఫీసువాళ్లు సెవరెన్స్, అంటే ఉద్యోగం తీసేసేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు, ఎంతొచ్చిందని అడిగారు. అది మేం రాయనే లేదు. తల కొట్టేసినట్టయింది. ఆ కాగితమూ పంపాక గ్రాంటు కొంత పెరిగింది, అడిగినంత కాదు.

మీరు సెవరెన్స్ ముందే రాసేయండి. ఊళ్లో తాతయ్య మందులకు పంపే డబ్బు రసీదులతో చూపించండి, ఒప్పుకుంటే ఒప్పుకుంటారు. కారు వాయిదాల జోలికి మాత్రం పోకండి. కాలేజీకి సొంత అప్పీల్ ఫారం ఉందేమో ముందు వెబ్‌సైట్లో చూడండి. మే 1 లోపు జవాబు రాకపోతే సీటు ఖాయం చేసుకునే డిపాజిట్ గడువు పెంచమని మెయిల్ పెట్టండి.

లేఆఫ్ లెటర్ ఇవ్వడానికి నాన్న మొహమాటపడితే నాకు ఫోన్ చేయమనండి. పెదనాన్న రాసిన ఆ మూడు పేజీలు ఇంకా నా బీరువాలోనే ఉన్నాయి, చదివి వినిపిస్తాను.

మీ పెద్దమ్మ