నీళ్లమీద నలుపు-తెలుపు ఫోటో: సీమలో వినబడే అపోహలు, అసలు వాస్తవాలు

ఉండేది కర్నూల్లో. రీలు కెమెరాతో నలుపు-తెలుపు ఫోటోలు తీయడం, ఆ ఫిల్మును ఇంట్లోనే కడుక్కోవడం (డెవలప్ చేసుకోవడం) నా పని. నీళ్లు, ఒక గెడ, లేదంటే ఒక పుట్టి తప్ప ఇంకేమీ లేని ఫోటోలు చూసినవాళ్లు ఇచ్చే సలహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటిలో తప్పు సలహాల గురించే ఈ నాలుగు మాటలు.

అపోహ: సీమలో నీళ్లెక్కడివి? ఇలాంటి ఫోటోలకు సముద్రం కావాలి.

ఈ మాట ఎక్కువగా అనేది మనవాళ్లే. సుంకేసుల ఎగువన తుంగభద్ర, కేసీ కెనాల్, గార్గేయపురం చెరువు, శ్రీశైలం వెనుక జలాలు. కడప వైపు మైలవరం, గండికోట, బ్రహ్మంసాగర్. అనంతపురం వైపు సింగనమల, బుక్కరాయసముద్రం చెరువులు, జీడిపల్లి రిజర్వాయరు. నిజానికి ఈ రకం ఫోటోకు సముద్రంకన్నా రిజర్వాయరే నయం. అక్కడ అలల గొడవ ఉండదు, పైగా నీటిమట్టం మారుతూ ఉంటుంది. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. చలికాలం దాటి నీరు దిగేకొద్దీ మునిగినవన్నీ ఒక్కొక్కటే తేలతాయి: ఎండిన చెట్లు, పాత గోడలు, సంగమేశ్వరం గుడి శిఖరం. చుట్టూ నీళ్లు, మధ్యలో శిఖరం మాత్రమే కనిపించే రోజులు ఏడాదిలో కొన్నే. అందుకే నేను వాతావరణం కన్నా ముందు పేపర్లో వేసే ప్రాజెక్టు నీటిమట్టం చూస్తాను.

గాలి సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. అనంతపురం వైపు జూన్ నుంచి ఆగస్టు దాకా నీరు నిలకడగా ఉండటం కష్టం. రామగిరి కొండలమీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. డిసెంబరు, జనవరి తెల్లవారుజాములైతే పొద్దెక్కేదాకా గాలి తక్కువ, మంచు కూడా దొరుకుతుంది.

అపోహ: ఫ్రేములో ఏమీ లేకుండా చూసుకుంటే మినిమలిజం (అతి తక్కువ వస్తువులతోనే ఫోటో కట్టే పద్ధతి) వచ్చేసినట్టే.

సుంకేసుల దగ్గర చేపలు పట్టే పెద్దాయన ఒకరు నా ట్రైపాడ్ పక్కన కాసేపు నిలబడి, "ఏం సారూ, ఉత్త నీళ్లకు ఫోటో తీస్తాండారే! చేప లేదు, మనిషి లేడు" అన్నాడు. సందేహం న్యాయమైనదే. ఉత్త నీళ్లు తీస్తే ఉత్త నీళ్లే వస్తాయి. ఒక గెడ, దాని నీడ, చుట్టూ బూడిదరంగు, ఇంతే ఉన్నప్పుడు ఆ బూడిదరంగు ఎంత లేతగా ఉండాలి, ఆకాశానికీ నీటికీ తేడా ఎంత మిగలాలి అన్నదానిమీదే ఫోటో అంతా నడుస్తుంది. ఆ ఖాళీని కెమెరా దగ్గరా, ఫిల్ము కడిగే ట్యాంకు దగ్గరా మనమే తయారు చేసుకోవాలి.

మొదట చూడాల్సింది కెమెరా ఎత్తు. నీటిని నిటారుగా పైనుంచి చూస్తే, దానిమీద పడిన వెలుతురులో నూటికి రెండు పాళ్లే తిరిగి వస్తుంది. చూపు ఏటవాలయ్యేకొద్దీ ప్రతిఫలనం పెరుగుతుంది. దాదాపు నీటికి సమాంతరంగా చూస్తే నీరు ఆకాశమంత తెల్లగా కనిపిస్తుంది. అందుకే చెరువుగట్టు మీద నిలబడి తీస్తే దగ్గరి నీరు నల్లగా, దూరపు నీరు తెల్లగా పడుతుంది. అదే చెరువును అదే నిమిషంలో గట్టు దిగి, ఒడ్డున మోకాళ్లమీద కూర్చొని తీయండి, మొత్తం ఒకే లేత బూడిద. రెండూ పక్కపక్కన పెడితే వేర్వేరు ఊళ్లలో తీసినట్టుంటాయి.

ఆ తర్వాత కెమెరా వాలకుండా మట్టంగా ఉండటం. వెనుక జలాల్లో కనిపించే అవతలి ఒడ్డు ఒక కొస మనకు దగ్గరగా, ఇంకో కొస దూరంగా ఉంటుంది. కాబట్టి కెమెరా రసమట్టం (స్పిరిట్ లెవల్) ప్రకారం సరిగ్గా ఉన్నా ఒడ్డుగీత వాలినట్టే కనబడుతుంది. దాన్ని సరిచేద్దామని కెమెరా వంచితే గెడ ఒరిగిపోతుంది. నేను నమ్మేది ప్రతిబింబాన్ని. నిలకడ నీటిలో ఏ వస్తువు కొసకైనా దాని ప్రతిబింబం కొస నేరుగా కిందే పడుతుంది. ఫ్రేము నడిమికి దగ్గరగా ఉన్న గెడను తీసుకుని ఆ రెండు కొసలను కలుపుతూ మనసులో ఒక గీత గీయండి. అది ఫ్రేము పక్క అంచుకు సమాంతరంగా ఉంటే మట్టం కుదిరినట్టే. గెడను వంకరగా పాతినా ఈ లెక్క తప్పదు.

అపోహ: ఎర్ర ఫిల్టర్ పెడితే నీళ్లు నల్లగా, గంభీరంగా వస్తాయి.

ఆకాశం నీలంగా ఉంటే వస్తాయి. తేట నీరు చూపించేది ఎక్కువగా ఆకాశాన్నే కాబట్టి, ఆకాశం నల్లబడితే నీరూ నల్లబడుతుంది. మంచులో, ముసురులో వెలుతురుకు ఏ రంగూ ఉండదు. అప్పుడు ఆ ఫిల్టర్ చేసే పనల్లా మూడు స్టాపుల (ఒక్కో స్టాపుకూ వెలుతురు సగమవుతుంది) వెలుతురును మింగడమే. తుంగభద్రకు కొత్తనీరు వచ్చే రోజుల్లో ఇంకో తమాషా ఉంది. ఎర్రమట్టి కలిసిన నీటిని గట్టుమీదినుంచి ఎర్ర ఫిల్టర్‌తో తీస్తే నీరు ఇంకా తెల్లబడుతుంది. తారు పూసిన నల్ల పుట్టి చుట్టూ తెల్లటి నీరు కావాలనుకుంటే అది మంచి ఉపాయమే. మామూలు రోజుల్లో నా సంచిలో ఉండేది పసుపు ఫిల్టర్ ఒక్కటే, దానికి ఒక స్టాపు ఇస్తే చాలు.

అపోహ: నీళ్లంటే లాంగ్ ఎక్స్‌పోజరే (షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచడమే). ఫోన్‌లో మీటరు యాప్ చెప్పినన్ని సెకన్లు ఇస్తే సరి.

ఇందులో రెండు తప్పులున్నాయి. నీరు అద్దంలా నిలిచినప్పుడు సెకనులో అరవయ్యో వంతు ఇచ్చినా, నిమిషం ఇచ్చినా పెద్ద తేడా రాదు. గాలికి నీరు చిట్లినప్పుడే లాంగ్ ఎక్స్‌పోజర్ అవసరం. ఒక్కో చిన్న అల ఆకాశంలో ఒక్కో ముక్కను చూపిస్తుంది కాబట్టి నీరంతా నలుపు-తెలుపు చుక్కలవుతుంది. ఎక్కువసేపు షట్టర్ తెరిచి ఉంచితే అవన్నీ కలిసిపోతాయి. కానీ నీటితోపాటు పుట్టి కూడా కదులుతుంది. తాడుతో కట్టినా అది గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, నిమిషంలో మరకగా మిగులుతుంది. పాతిన గెడ, ఎండిన చెట్టు, గుడి శిఖరం, ఇలా నేలను పట్టుకున్నవాటికే ఆ పద్ధతి. మనమే పుట్టిలో కూర్చుంటే ట్రైపాడ్ దండగ. తక్కువ వెలుతురుకే పనిచేసే 400 స్పీడు ఫిల్ము వేసుకుని, షట్టర్ సెకనులో 250వ వంతుకన్నా ఎక్కువసేపు తెరిచి ఉండకుండా తీయండి.

రెండో తప్పు ఫిల్ముకు సంబంధించింది. సెకను దాటితే ఫిల్ము వెలుతురును పట్టుకునే శక్తి తగ్గుతూ పోతుంది. డిజిటల్‌కు ఈ గొడవ లేదు కాబట్టి మామూలు యాప్‌లు దీన్ని లెక్కలోకి తీసుకోవు. ఫిల్ములు తయారు చేసే ఇల్ఫోర్డ్ వాళ్లు ఇచ్చిన సూత్రం ప్రకారం వెలుతురు కొలిచే మీటరు 30 సెకన్లు చూపిస్తే వాళ్ల ఎఫ్‌పీ4 ప్లస్ ఫిల్ముకు సుమారు 73 సెకన్లు, హెచ్‌పీ5 ప్లస్‌కు సుమారు 86 సెకన్లు ఇవ్వాలి. ఫోమా కంపెనీ ఫిల్ము ఫోమాపాన్ 100 అయితే మరీ ఎక్కువ. 10 సెకన్లకు 80 సెకన్లు అని దాని డేటాషీటే చెబుతుంది. దృశ్యంలోని నల్లటి భాగాలకు ఈ నష్టం ఎక్కువ, కాబట్టి నెగెటివ్‌లో కాంట్రాస్టు (నలుపు-తెలుపుల తేడా) కూడా పెరుగుతుంది. కడిగే సమయం కాస్త తగ్గించుకోండి.

అన్నట్టు, రేగడి ఒడ్డున అంతసేపు ట్రైపాడ్ నిలవదు, మెల్లగా దిగబడుతుంది. ఒక్కో కాలికింద ఒక్కో చదును రాయి పెట్టండి.

అపోహ: మంచులో మీటరు చెప్పిందే వేదం.

మీటరు దేన్ని చూసినా మధ్యరకం బూడిదరంగు అనుకుంటుంది. ఫ్రేమంతా తెల్లటి మంచూ నీళ్లే అయితే దాన్నీ బూడిద చేస్తుంది, పుట్టిలోని నలుపంతా ఒకే ముద్దవుతుంది. ఒకటి, ఒకటిన్నర స్టాపు ఎక్కువ ఇవ్వండి. నెగెటివ్ ఫిల్ము వెలుతురు ఎక్కువైతే కొంత ఓర్చుకుంటుంది, తక్కువైతే పోయింది తిరిగి రాదు.

అపోహ: కడిగే మందు 20 డిగ్రీల దగ్గర లేకపోతే ఫిల్ము పాడవుతుంది. మన ఎండల్లో ఇంట్లో కడగలేం.

20 డిగ్రీలు ఒక కొలమానం, అంతే. హెచ్‌పీ5 ప్లస్‌ను ఐడీ-11 అనే డెవలపర్‌లో (ఫిల్ముమీద బొమ్మను తేల్చే మందులో) సగానికి సగం నీళ్లు కలిపి కడిగితే 20 దగ్గర 13 నిమిషాలు పడుతుంది. 24 దగ్గర సుమారు 9 చాలు. అసలు ఇబ్బంది మే నెలలో మిద్దెమీది ట్యాంకు నీళ్లతో. వేడి పెరిగేకొద్దీ సమయం 5 నిమిషాల కిందికి పడిపోతుంది. అంత తక్కువలో డెవలపర్ అంతటా సమానంగా పనిచేయదు. పెళ్లి గుంపు ఫోటోలో ఆ మచ్చలు ఎవరికీ కనబడవు, ఖాళీ ఆకాశంలో మాత్రం చారలు చారలుగా తేలతాయి.

దీనికి మన దగ్గర మట్టికుండ ఉంది. సీమ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కుండ చెమ్మ తొందరగా ఆవిరై లోపలి నీరు బాగా చల్లబడుతుంది, కోస్తా ఉక్కపోతలో ఇంత చల్లబడదు. ముందురోజు రాత్రి కుండలో పోసిన నీళ్లతో డెవలపర్ కలపండి. ఇంకా తగ్గాలంటే ఐసు ముక్కలు కవర్లో కట్టి ముంచండి. ఫిక్సరు (తేలిన బొమ్మను నిలబెట్టే మందు), కడిగే నీళ్లు కూడా దాదాపు అదే వేడిలో ఉండాలి. చల్లటి డెవలపర్ నుంచి తీసి మిద్దెమీది ట్యాంకు వేడినీళ్లలో వేస్తే ఫిల్ము పైపొర ముడతలు పడొచ్చు.

బోరు నీళ్లతో ఇంకో పేచీ. అందులోని సున్నం ఆరినప్పుడు మరకగా మిగులుతుంది. చివరి కడుగుకు మాత్రం ఇన్వర్టర్ బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి, అందులో వెట్టింగ్ ఏజెంట్ (నీరు చుక్కలుగా నిలవకుండా జారిపోయేలా చేసే ద్రవం) కొద్దిగా కలిపితే చాలు. ఆరబెట్టే ముందు బాత్‌రూమ్ గోడలకు నీళ్లు చల్లితే గాలిలోని దుమ్ము అణుగుతుంది.

అపోహ: మచ్చలు స్కాన్ చేశాక తుడిచేయొచ్చు.

తుడవొచ్చు. కానీ ముందు మచ్చ రంగు చూడండి. ఫోటోలో తెల్లచుక్క ఉంటే దుమ్మో సున్నమో నెగెటివ్ మీద ఉంది, మళ్లీ కడిగితే పోవచ్చు. నల్లచుక్క ఉంటే ఆ దుమ్ము షట్టర్ కొట్టినప్పుడే ఫిల్ము ముందు ఉంది. అంటే కెమెరా లోపల శుభ్రం చేయాలి, లేకపోతే తర్వాతి రీలులోనూ వస్తుంది.

అపోహ: ఖరీదైన కెమెరా ఉండాలి, రీళ్లు ఇప్పుడు దొరకవు.

సెకండ్‌హ్యాండ్ పెంటాక్స్ కే1000 చాలు. బ్యాటరీ లేకపోయినా దాని షట్టర్ పనిచేస్తుంది, మీటరుకు ఫోన్ ఉంది. పాత స్టూడియోల బీరువాల్లో యాషికా మ్యాట్ కెమెరాలు ఉంటాయి, అడిగి చూడండి. ఊటీలో తయారయ్యే ఇందు ఫిల్ములు పోయాయి గానీ ఇల్ఫోర్డ్, కొడాక్, ఫోమా ఇంకా తయారు చేస్తూనే ఉన్నాయి, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. ఏడాదికి సరిపడా ఫిబ్రవరిలోపే తెప్పించి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ఏప్రిల్, మే నెలల్లో పార్సిల్ బండి ఎండలో ఎన్ని గంటలు నిలబడుతుందో మన చేతిలో ఉండదు.