కాచిన పాలతో చీజ్ రాదనేది సగం నిజమే

ఇంట్లో చీజ్ చెయ్యడం నేర్పుతుంటాను. పాలను గడ్డ కట్టించడానికి రెన్నెట్ అనే ఎంజైమ్ వాడతాం. కొత్తగా వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు ఈ మాట అనకుండా ఉండరు: "కాచిన పాలు రెన్నెట్‌కు గడ్డ కట్టవట కదండీ, అందుకే పచ్చిపాలే వాడాను." వింటే కోపమొస్తుంది, అడిగినవాళ్ల మీద కాదు, ఈ సగం నిజాన్ని ప్రచారం చేస్తున్నవాళ్ల మీద.

సగం అని ఎందుకంటున్నానంటే, పాలు తెర్లేదాకా మరిగిస్తే నిజంగానే రెన్నెట్ సరిగా పనిచేయదు. గడ్డ నుంచి విడిపోయే తేట నీళ్లలోకి పోవాల్సిన ప్రోటీన్లు ఆ వేడికి, గడ్డగా మారే కేసిన్ అనే ప్రోటీన్‌కు అతుక్కుపోతాయి, గడ్డ జావలా జారిపోతుంది. కానీ మరిగించమన్నదెవరు? 63 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచితే చాలు, పాశ్చరైజేషన్ అయిపోయినట్టే. జబ్బు తెచ్చే బాక్టీరియాలైన లిస్టీరియా, సాల్మొనెల్లా, బ్రూసెల్లా, ప్రమాదకరమైన ఈ-కోలై ఆ వేడికి చస్తాయి. గడ్డ కట్టే గుణం మాత్రం పోదు.

"మా ఆవు పాలేనండీ, పొద్దున్నే పితికినవి" అంటారు. మొదట్లో నేనూ అదే ధైర్యంతో చేశాను. పొదుగు కడిగి, నా కళ్లముందే పితికిన 8 లీటర్లు తెచ్చి, 32 డిగ్రీలకు వెచ్చచేసి, కల్చర్ (పాలను పులియబెట్టే మంచి బాక్టీరియా) వేసి, రెన్నెట్ కలిపి, రాత్రంతా బరువు కింద పెట్టాను. తెల్లారి గుడ్డ విప్పితే చీజ్ ఉబ్బిపోయి ఉంది. కోస్తే లోపలంతా గుండుసూది తలంత చిల్లులు, స్పాంజిలాగా, పేడ వాసన. కోలిఫాం బాక్టీరియా వదిలిన గ్యాస్ అది. కంటికి కనిపించింది కాబట్టి పారేశాను. లిస్టీరియా ఉన్న చీజ్ అలా ఉబ్బదు, వాసన మారదు, రుచీ మారదు. పైగా 10 లీటర్ల పాలు దాదాపు కిలో చీజ్ అవుతాయి కదా, పాలలో ఉన్న బాక్టీరియాలో చాలావరకు తేటతో పోకుండా ఆ కిలోలోనే చిక్కుకుంటుంది.

ఉప్పు చంపేస్తుందంటారు. లిస్టీరియా ఉప్పుకు తట్టుకుంటుంది, ఫ్రిజ్‌లో కూడా పెరుగుతుంది. 60 రోజులు మాగితే ఏ భయమూ లేదంటారు. అమెరికాలో పచ్చిపాల చీజ్ అమ్మడానికి ఆ నియమం ఉన్న మాట నిజమే, కానీ ఈ-కోలైలో కొన్ని రకాలు 60 రోజులు దాటినా బతుకుతాయి. ఇటలీ గట్టి చీజ్ పార్మిజానో రెజ్జానో పచ్చిపాలతోనే చేస్తారు కదా అని అడుగుతారు. చేస్తారు, గడ్డను 55 డిగ్రీల దాకా వేడిచేసి, కనీసం 12 నెలలు మాగబెట్టి. మీరు మూడో రోజు కోసుకు తినే మెత్తటి చీజ్‌కు దానితో పోలికేమిటి? మొజరెల్లాను వేడినీళ్లలో సాగదీస్తాం కాబట్టి పర్వాలేదనేది కూడా నమ్మొద్దు, నీళ్లు కాలిపోతున్నా గడ్డ లోపలికి అంత వేడి అంతసేపు చేరదు.

ఆ మధ్య ఒకావిడ ఫోన్ చేసి దాదాపు ఏడ్చేశారు. ఐదో నెల, చుట్టాలింట్లో పచ్చిపాల చీజ్ రెండు ముక్కలు తిన్నాక ఎవరో భయపెట్టారట. తిన్న ప్రతివాళ్లకూ జబ్బు రాదమ్మా, టెన్షన్ పడకండి, కానీ ఈరోజే మీ డాక్టరుకు చెప్పండి అన్నాను. లిస్టీరియా లక్షణాలు కొన్ని వారాల తర్వాత కూడా బయటపడొచ్చు, ఒక్కోసారి మామూలు జ్వరం, ఒళ్లునొప్పుల్లాగే ఉంటుంది, గర్భిణులకు గర్భస్రావం దాకా వెళ్లొచ్చు. అందుకే ఏం తిన్నారో, ఎప్పుడు తిన్నారో డాక్టరుకు తెలియాలి.

మిగతా అపోహలు చిన్నవి. రెన్నెట్ అంటే దూడ కడుపులోంచి తీసేదే కానక్కర్లేదు, ఫంగస్ నుంచి తయారయ్యేదీ దొరుకుతుంది. నిమ్మరసంతో విరగ్గొట్టే చీజ్‌కైతే పాలు మరిగినా ఏం కాదు.

రెన్నెట్ చీజ్‌కు మాత్రం థర్మామీటర్ కొనండి, వేలు ముంచి చూస్తే 63 తెలియదు. అడుగంటకుండా కలుపుతూ అరగంట ఆ వేడి తగ్గకుండా చూసి, గిన్నెను చన్నీళ్లలో పెట్టి త్వరగా 32కు దించండి. 4 లీటర్లకు పావు టీస్పూను కాల్షియం క్లోరైడ్ ద్రావణం, ఆహారంలో వాడేదే, కాసిని నీళ్లలో కలిపి పోయండి, వేడికి తగ్గిన పట్టు తిరిగొస్తుంది. తర్వాత కల్చర్, రెన్నెట్. ముప్పావుగంటకు చాకు దించి కొంచెం పైకెత్తి చూడండి. గాటు నున్నగా విచ్చుకుని అందులో పచ్చటి తేట ఊరితే గడ్డ కుదిరినట్టే.