షంట్ పారుతోందా, ఆగిందా: కొన్ని అపోహలు - వాస్తవాలు

"సార్, తలలో గొట్టం పారుతోందో లేదో చర్మం మీద పెట్టి చూసే మిషన్ వచ్చిందట. మా బాబుకు ఒకసారి పెట్టి చూడండి." నల్గొండలో నా న్యూరోసర్జరీ ఓపీకి వచ్చే తల్లిదండ్రులు ఈ మధ్య తరచుగా అడుగుతున్న మాట ఇది. వారి ఆశ నాకు అర్థమవుతుంది. షంట్, అంటే తలలో నిలిచిన ద్రవాన్ని పొట్టలోకి పంపే గొట్టం, వేయించుకున్న పిల్లవాడు ఒక్క వాంతి చేసుకుంటే చాలు, అది అజీర్తి వల్లనా, గొట్టం మూసుకుపోవడం వల్లనా అని తల్లి తెల్లవార్లూ మేలుకుని కూర్చుంటుంది. అవునో కాదో తేల్చి చెప్పే యంత్రం ఉంటే ఆమెకు అంతకన్నా ఏం కావాలి? అలాంటి పరికరాలు నిజంగానే ఉన్నాయి. వాటి వెనుక ఉన్న ఆలోచన గొప్పది. అయితే అవి చెప్పే జవాబును ఎలా చదవాలో తెలియకపోతే పిల్లవాడికే ముప్పు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు విషయం క్లుప్తంగా. మెదడు లోపలి గదుల్లో రోజంతా ఒక ద్రవం ఊరుతూ ఉంటుంది. పెద్దవారిలో గంటకు సుమారు 20 మిల్లీలీటర్లు, అంటే రోజుకు దాదాపు అర లీటరు. ఏ క్షణంలో చూసినా తలలోనూ వెన్నులోనూ కలిపి ఉండేది 150 మిల్లీలీటర్ల లోపే. పాతది రక్తంలోకి ఇంకుతూ, కొత్తది ఊరుతూ రోజుకు మూడు నాలుగుసార్లు మొత్తం మారిపోతుంది. పుట్టుకతోనే దారి ఇరుకైనా, క్షయ మెదడు పొరలకు పాకినా, లోపల రక్తస్రావం జరిగినా, గడ్డ అడ్డుపడినా ఆ ద్రవం నిలిచిపోయి గదులు ఉబ్బుతాయి. ఇదే హైడ్రోకెఫలస్. షంట్ అంటే ఆ ద్రవానికి మేము వేసే కొత్త దారి. సిలికోన్ గొట్టం ఒక కొస మెదడు గదిలో ఉంటుంది, చెవి వెనకాల చర్మం కింద బుడిపెలా తగిలే ఒక వాల్వు, అక్కడి నుంచి మెడ, ఛాతీల చర్మం కింద దిగి రెండో కొస పొట్టలోకి చేరుతుంది. పొట్టలో పడిన ద్రవాన్ని శరీరమే పీల్చుకుంటుంది.

అపోహ: తలలో నీరు చేరింది కాబట్టి పిల్లలకు నీళ్లు తక్కువ తాగించాలి. మన నల్గొండ నీళ్లలోని ఫ్లోరైడే దీనికి కారణం.

రెండూ తప్పే. ఈ ద్రవం ఊరడానికీ తాగే నీటి కొలతకూ సంబంధం లేదు. మే నెల ఎండల్లో నీళ్లు మాన్పిస్తే పిల్లవాడు నీరసించి, వాంతులై, అసలు లక్షణమేదో తెలియకుండా పోతుంది. ఇక ఫ్లోరైడ్ మన జిల్లాకు చేసిన అన్యాయం చాలానే ఉంది గానీ, ఆ జాబితాలో హైడ్రోకెఫలస్ లేదు. పెద్దవారి విషయంలో మాత్రం ఒక మాట. నడక తడబడుతున్న వృద్ధులను "ఫ్లోరైడ్ మనిషి" అని ఇంట్లో వదిలేస్తున్నారు. ఫ్లోరోసిస్ వెన్నుపామును నొక్కి నడకను దెబ్బతీస్తుందన్నది నిజమే. కానీ అడుగులు నేలకు అతుక్కున్నట్టు పడటం, మూత్రం ఆపుకోలేకపోవడం, మతిమరుపు, ఈ మూడూ కలిసి వస్తే అది వృద్ధుల్లో వచ్చే ఒక రకం హైడ్రోకెఫలస్ కావచ్చు. హకీం, ఆడమ్స్ 1965లోనే దీన్ని వర్ణించారు. షంట్ వేస్తే చాలామంది నడక మెరుగుపడుతుంది. దయచేసి ఒకసారి స్కాన్ చేయించండి.

అపోహ: చెవి వెనకాల బుడిపెను రోజూ నొక్కితే గొట్టం శుభ్రపడుతుంది. నొక్కినప్పుడు మళ్లీ ఉబ్బితే షంట్ బాగున్నట్టే.

దేవరకొండ వైపు నుంచి వచ్చే కుటుంబాల్లో ఈ నమ్మకం ఒకరి నుంచి ఒకరికి పాకడం చూస్తున్నాను. కొందరు తాతమ్మలు ఉదయం స్నానం చేయించేటప్పుడు లెక్కపెట్టి మరీ నొక్కుతారు. ఆ బుడిపె నొక్కి చూడటం ఒకప్పుడు వైద్యులూ చేసిన పరీక్షే. అయితే దాని మీద నిజంగా లెక్కలు తీసి చూసినప్పుడు, మూసుకుపోయిన షంట్లలో చాలా వాటిని అది పట్టుకోలేదని 1990ల మొదట్లోనే తేలింది. బుడిపె చక్కగా ఉబ్బుతూనే లోపల షంట్ ఆగిపోయి ఉండవచ్చు. పైగా పదేపదే నొక్కితే మెదడు గదిలోంచి ద్రవం ఒక్కసారిగా లాగినట్టవుతుంది. అక్కడి మెత్తటి కణజాలం గొట్టం రంధ్రాల్లోకి చొచ్చుకొచ్చి, లేని అడ్డును మనమే సృష్టించే అవకాశం ఉంది. మీ వైద్యుడు ప్రత్యేకంగా చెబితే తప్ప బుడిపె జోలికి వెళ్లవద్దు.

అపోహ: మిషన్‌లో ప్రవాహం కనబడితే షంట్ బాగున్నట్టు, కనబడకపోతే మూసుకుపోయినట్టు.

అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. చదువుకున్న వారిలోనే ఎక్కువగా కనిపిస్తోంది కూడా. కాస్త నిదానంగా చెబుతాను.

కొలవాల్సిన ప్రవాహం ఎంత చిన్నదో మొదట గమనించండి. ఊరే ద్రవమంతా షంట్ గుండానే పోతోందనుకున్నా నిమిషానికి మిల్లీలీటరులో మూడో వంతే. సెలైన్ సీసా లెక్కలో నిమిషానికి ఆరేడు చుక్కలు. గొట్టం లోపలి వెడల్పు మిల్లీమీటరుకు అటూ ఇటూ. దాని మీద చర్మం, కొవ్వు. కోయకుండా, సూది గుచ్చకుండా, పై నుంచి ఆ చుక్కల నడకను పట్టుకోవాలి.

దీనికి ఇంజినీర్లు ఎంచుకున్న దారి వేడి, చల్లదనం. కాలర్‌బోన్ మీదుగా వెళ్లేచోట గొట్టం చర్మానికి బాగా దగ్గరగా ఉంటుంది. షంట్‌చెక్ అనే పరికరంలో గొట్టం పై భాగాన కాసేపు ఐసు పెడతారు. లోపల ద్రవం కదులుతుంటే ఆ చల్లదనాన్ని మోసుకుంటూ కిందికి దిగుతుంది, కింద అంటించిన సెన్సరు ఉష్ణోగ్రత తగ్గుదలను పసిగడుతుంది. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో జాన్ రోజర్స్ బృందం 2018లో ప్రచురించిన పరికరం ఇందుకు తిరగబడిన పద్ధతి. పలుచని, వంగే పట్టీ లాంటి దాన్ని చర్మానికి అంటిస్తారు. మధ్యలో కొద్దిగా వేడి పుట్టిస్తారు. ప్రవాహం లేకపోతే ఆ వేడి చుట్టూ సమానంగా వ్యాపిస్తుంది. ప్రవాహం ఉంటే కింది వైపు ఎక్కువగా, పై వైపు తక్కువగా చేరుతుంది. ఆ తేడాను బట్టి ఎంత వేగంగా పారుతోందో అంచనా వేస్తారు. ఆపరేషన్ లేకుండా, రేడియేషన్ లేకుండా ఇది సాధ్యపడటం మా రంగానికి నిజమైన వరం.

ఇంతకుముందు నుంచీ ఉన్న పద్ధతి వేరు. వాల్వు దగ్గర షంట్‌లోనే ఉండే చిన్న అరలోకి సన్నని సూదితో టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థాన్ని కొద్దిగా పంపి, గామా కెమెరాతో అది పొట్టలోకి చేరుతోందో లేదో చూస్తారు. న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉన్న పెద్ద ఆసుపత్రుల్లోనే ఇది వీలవుతుంది, మనవారికి అంటే హైదరాబాదే. సూది గుచ్చిన ప్రతిసారీ ఇన్‌ఫెక్షన్ భయం కొద్దిగానైనా ఉంటుంది.

ఇప్పుడు అసలు చిక్కు. షంట్‌లోని వాల్వు ఎప్పుడూ తెరిచి ఉండదు. లోపలి ఒత్తిడికీ బయటి ఒత్తిడికీ మధ్య తేడా ఒక హద్దు దాటినప్పుడే తెరుచుకుంటుంది. పడుకుంటే ఒక తీరు, లేచి కూర్చుంటే ఒక తీరు. దగ్గినా, ఏడ్చినా, గాఢనిద్రలోకి జారినా మారుతుంది. కొందరిలో శరీరం సొంతంగా ఇంకించుకునే దారి సగం పనిచేస్తూ ఉంటుంది, వారి షంట్‌కు రోజులో చాలాసేపు పనే ఉండదు. మన పల్లెల్లో ఆగి ఆగి పోసే బోర్లు తెలుసు కదా. పోయని క్షణంలో వెళ్లి చూసినవాడు బోరు ఎండిపోయిందంటాడు. షంట్ సంగతీ అంతే. ఆరోగ్యంగా ఆడుకుంటున్న పిల్లవాడికి పరికరం పెడితే ప్రవాహం సున్నా అని చూపించవచ్చు. దాన్ని నమ్మి ఆపరేషన్ చేస్తే మంచి షంట్‌ను పాడుచేసినట్టే. ఈ ఇబ్బంది తెలిసే షంట్‌చెక్ తయారుచేసినవారు వాల్వు మీద సన్నగా కంపించే చిన్న పరికరాన్ని జోడించారు, ఆ కంపనంతో తాత్కాలికంగా ప్రవాహం పుట్టించి, దారి తెరిచి ఉందో లేదో చూడటానికి.

ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. సగం మూసుకున్న షంట్‌లోనూ కొంత ప్రవాహం కనబడుతుంది. ఇన్‌ఫెక్షన్ సోకిన షంట్‌లోనూ పారుతుంది. "పారుతోంది" అన్న ఒక్క మాట విని మత్తుగా పడుకున్న బిడ్డను ఇంటికి తీసుకుపోతే జరిగే నష్టం పూడ్చలేనిది. కాబట్టి నా చేతికి అలాంటి పరికరం వచ్చినా నేను మొదట చూసేది బిడ్డనే, తర్వాత స్కాన్‌ను, ఆ తర్వాత దాని అంకెను. ఆ మూడూ ఒకే కథ చెబితే ధైర్యంగా నిర్ణయం తీసుకుంటాను. చెప్పకపోతే ఆసుపత్రిలో ఉంచి గమనిస్తాను.

తగ్గని తలనొప్పి, పదేపదే వాంతులు, పిలిచినా సరిగా పలకని మత్తు, కళ్లు కిందికే వాలిపోవడం, పసిపిల్లల్లో మాడు ఉబ్బడం, కొత్తగా ఫిట్స్ రావడం, గొట్టం వెంబడి ఎర్రదనం, జ్వరం, పొట్ట ఉబ్బి నొప్పి. వీటిలో ఏది కనబడినా ఏ పరికరం కోసమూ వెతకవద్దు, మరుసటి రోజు ఓపీ కోసమూ ఆగవద్దు. 108కి ఫోను చేయండి. అచ్చంపేట నుంచో, కొల్లాపూర్ నుంచో హైదరాబాద్ చేరడానికి పట్టే గంటలు చాలా విలువైనవి.

అపోహ: ఎంత ఎక్కువగా పారితే అంత మంచిది.

కాదు. నిలబడినప్పుడు తలకూ పొట్టకూ ఉన్న ఎత్తు తేడా వల్ల గొట్టం ద్రవాన్ని కిందికి లాగుతుంది. ఇది మితిమీరితే మెదడు గదులు చీలికల్లా కుంచించుకుపోతాయి, మెదడు పైన రక్తం చేరే ప్రమాదమూ ఉంది. నిలబడితే పెరిగి పడుకుంటే తగ్గే తలనొప్పి దీనికి గుర్తు. షంట్ ఆగినప్పటి తలనొప్పి సాధారణంగా పొద్దున లేస్తూనే ఎక్కువగా ఉంటుంది. ఈ తేడా గమనించి చెప్పగలిగితే మీరు వైద్యుడికి సగం పని తగ్గించినట్టే. ఈ లాగుడును అడ్డుకునే అమరికలు ఇప్పుడు చాలా వాల్వుల్లో ఉంటున్నాయి.

అపోహ: తలలో సెన్సరు పెట్టించుకుంటే ప్రవాహం తెలుస్తుంది.

షంట్‌తో పాటు లోపల అమర్చే టెలీమెట్రీ సెన్సర్లు, అంటే లోపలి కొలతను తీగ లేకుండా బయటికి చేరవేసేవి, ఉన్నాయి, జర్మనీకి చెందిన మీట్కే సంస్థ తయారుచేసేది వాటిలో ఒకటి. అవి చెప్పేది ఒత్తిడి, ప్రవాహం కాదు. ఉపయోగం ఉన్నవే, కానీ వేరే ప్రశ్నకు జవాబు.

అపోహ: సీటీ బాగుందన్నారు, ఇక భయం లేదు.

కొందరి మెదడు గదులు షంట్ ఆగినా వెంటనే ఉబ్బవు. ఏళ్ల తరబడి షంట్ ఉన్న పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. కొందరికి షంట్ చక్కగా పనిచేస్తున్నా గదులు పెద్దగానే ఉంటాయి. అందుకే ఇవాళ్టి స్కాన్ ఒక్కటే చూస్తే ఏమీ తేలదు, బిడ్డ బాగున్న రోజుల్లో తీసిన స్కాన్ పక్కన పెట్టి పోల్చాలి. అక్కడే మనవారు నష్టపోతున్నారు. పాలమూరు నుంచి ముంబయి, పుణెలకు పనికి వెళ్లిన కుటుంబం అక్కడ షంట్ వేయించి, ఇక్కడికి వచ్చేసరికి ఫిల్ములు అక్కడి గదిలోనే వదిలేస్తుంది. భీవండిలో మగ్గాలు నడిపే మన నల్గొండ వారిదీ ఇదే కథ. ఆపరేషన్ అయి బిడ్డ కుదుటపడ్డాక తీసిన స్కాన్ ఫిల్మును పగటి వెలుతురులో కిటికీకి ఆనించి ఫోనుతో ఫోటో తీసి పెట్టుకోండి. డిశ్చార్జి కాగితం, వాల్వు పేరు ఉన్న కార్డు కూడా ఫోటో తీసి తల్లి ఫోనులో, తండ్రి ఫోనులో, ఊళ్లో ఉన్న మేనమామ ఫోనులో ఉంచండి. పోయినసారి షంట్ ఆగినప్పుడు మొదట కనబడిన లక్షణం ఏమిటో కూడా రాసి పెట్టండి. చాలామంది పిల్లల్లో రెండోసారి కూడా అదే లక్షణంతో మొదలవుతుంది. అత్యవసర విభాగంలో కుర్ర వైద్యుడికి మీరు చెప్పాల్సిన మొదటి మాట అదే.

అపోహ: చవక షంట్ వేశారు కాబట్టే ఆగిపోయింది. అప్పు చేసైనా విదేశీది వేయించాల్సింది.

ఈ మాట విన్నప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది. ఎకరం భూమి అమ్మేసి వచ్చిన తండ్రులను చూశాను. నిజమేమిటంటే ఖరీదైనవైనా, చవకైనవైనా అన్ని షంట్లూ ఆగుతాయి. 1998లో వెలువడిన పెద్ద పరీక్షలో 344 మంది పిల్లలకు మూడు రకాల వాల్వులు వేసి చూశారు, వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఏ రకమైనా మొదటి ఏడాదిలోనే నూటికి 40 దాకా విఫలమయ్యాయి. ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో తయారయ్యే మన ఛాబ్రా షంట్‌ను, దానికన్నా ఎన్నో రెట్లు ధర ఉన్న విదేశీ షంట్‌తో ఉగాండాలో బెంజమిన్ వార్ఫ్ అనే సర్జన్ పోల్చి 2005లో ప్రచురించారు. ఏడాది తర్వాత ఫలితాల్లో తేడా లేదు. ఆగిపోవడం మీ పేదరికానికి శిక్ష కాదు, మీరు ఎవరికీ అన్యాయం చేయలేదు. షంట్ ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో ఉంది, ఆ పథకం పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. భూమి అమ్మేముందు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి.

అపోహ: షంట్ ఉన్నవారు ఫోను దగ్గరికి రానీయకూడదు, ఎంఆర్ఐ అసలే చేయించకూడదు.

మామూలు స్థిర వాల్వు ఉన్నవారికి అయస్కాంతంతో చిక్కు లేదు. బయటి నుంచి అయస్కాంతంతో సెట్టింగ్ మార్చగలిగే వాల్వులకు మాత్రమే జాగ్రత్త కావాలి. ఆ వాల్వు ఉన్న చెవి వైపు కాకుండా రెండో చెవి దగ్గర ఫోను పెట్టుకోవాలి. అయస్కాంతం ఉన్న హెడ్‌ఫోన్లు, బొమ్మలు వాల్వుకు ఆనించకూడదు. ఎంఆర్ఐ చేయించుకోవచ్చు, కానీ యంత్రంలోకి వెళ్లేముందే వాల్వు పేరు చెప్పాలి. కొన్ని రకాల్లో ఎంఆర్ఐ తర్వాత సెట్టింగ్ మారిపోతుంది కాబట్టి, స్కాన్ అయిన రోజే, ఇంటి బస్సు ఎక్కకముందే దాన్ని సరిచూపించుకోవాలి.