మీసం వస్తోందిగా, ఆగుదామా?

పద్నాలుగేళ్ల అబ్బాయికి గ్రోత్ హార్మోన్ లోపం ఉందని తేలింది, మీసం వస్తోంది కాబట్టి ఇక తనే సాగుతాడులే అని ఇంట్లో పెద్దవాళ్లంటున్నారు, చికిత్స మొదలుపెట్టకుండా ఆగొచ్చా అని ఒక పాఠకురాలు అడిగారు. లోపం ఖాయమైతే ఆగకూడదండీ.

పొడుగు ఎముకల చివర్లలో గ్రోత్ ప్లేట్ అనే మృదులాస్థి పొర ఉంటుంది. అక్కడి కణాలు నిలువు వరసల్లో విభజన చెంది, ఉబ్బి, ఎముకగా మారుతుంటేనే కాళ్లూ చేతులూ సాగుతాయి. గ్రోత్ హార్మోన్, అది తయారుచేయించే ఐజీఎఫ్-1 అనే మరో హార్మోన్ కలిసి ఆ పొరను నడిపిస్తాయి. ఈడు రాగానే సెక్స్ హార్మోన్లు గ్రోత్ హార్మోన్‌ను రెండు మూడు రెట్లు పెంచుతాయి. లోపమున్న పిల్లలకు ఈ ఊపు అందదు, కానీ ఆ సెక్స్ హార్మోన్లు చేసే రెండో పని, అంటే పొరను ముదిర్చి మూసేయడం, మాత్రం ఆగదు.

మగపిల్లల్లో కూడా పొరను మూసేది ఆడ హార్మోన్‌గా మనకు తెలిసిన ఈస్ట్రోజెనే! ఆరోమటేజ్ అనే ఎంజైమ్ మగ హార్మోన్ టెస్టోస్టిరాన్‌లో కొంత భాగాన్ని ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. 1994లో డాక్టర్లు 28 ఏళ్ల యువకుడొకరి గురించి ప్రచురించారు. టెస్టోస్టిరాన్ మామూలే, రక్తంలో ఈస్ట్రోజెన్ ఎక్కువే, కానీ దాన్ని అందుకునే రిసెప్టర్ జన్యులోపం వల్ల పనిచేయదు. ఎత్తు 204 సెంటీమీటర్లు, ఎముకలు ఎంత ముదిరాయో చెప్పే ‘ఎముకల వయసు’ చూస్తే 15 ఏళ్లే! పొరలు ఇంకా మూసుకోనేలేదు.

అందుకే డాక్టర్ ముందు ఎడమచేతి ఎక్స్‌రే అడుగుతారు. వేళ్ల ఎముకల చివర నల్లటి సన్నని గీత కనబడితే పొర తెరిచే ఉందని అర్థం. అది పూర్తిగా చెరిగిపోయాక గ్రోత్ హార్మోన్ ఇంజెక్షనూ సాగదీయలేదు, టీవీలో అమ్మే పొడులు అసలే సాగదీయలేవు, వాటి మీద డబ్బు తగలేయకండి. ఆడపిల్లలైతే పెద్దమనిషి అయ్యేదాకా చూద్దామనుకోవడం ఇంకా నష్టం, ఆ తర్వాత సాధారణంగా మిగిలేది 5 నుంచి 7 సెంటీమీటర్లే.

మందంటే గ్రోత్ హార్మోనే, రోజూ రాత్రి చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్, వారానికొకసారి ఇచ్చేవీ వచ్చాయి. ఈ వయసులో బరువు త్వరగా పెరుగుతుంది కాబట్టి, రక్తంలో ఐజీఎఫ్-1 ఎంతుందో చూసుకుంటూ డోసు మారుస్తుంటారు. సమయం మరీ తక్కువుంటే కొందరికి ల్యూప్రోలైడ్ అనే మందుతో ఈడును కాస్త ఆపుతారు, మగపిల్లలకు ఆరోమటేజ్‌ను అడ్డుకునే మాత్రలూ వాడి చూస్తున్నారు, అయితే ఎముకల బలం మీద ప్రభావం ఉండొచ్చు కాబట్టి అందరికీ ఇవ్వరు. పెరుగుదల ఏడాదికి 2 సెంటీమీటర్లకు పడిపోతే ఎత్తు కోసం ఇచ్చే మందు ఆపి, మళ్లీ పరీక్ష చేస్తారు. కారణం తెలియని లోపమున్నవాళ్లలో చాలామందికి అప్పుడు హార్మోన్ మామూలుగానే వస్తుంది, రానివాళ్లకు కండరాల కోసం, ఎముకల కోసం చిన్న డోసు కొనసాగిస్తారు.