0.7 వస్తే సరిపోతుందా? తిండి లెక్కల గొడవ వెనుక కథ

ఏది ఎంత తరచుగా తింటారో అడిగే ఆహార ప్రశ్నావళులను నమ్మొచ్చా అన్న గొడవ మళ్లీ రేగింది. నిన్న ఏం తిన్నారో అడిగి రాసుకునే పాత పద్ధతితో పోల్చి చూస్తే సహసంబంధం (రెండు కొలతలు ఎంతగా కలిసి పెరుగుతాయో చెప్పే అంకె, గరిష్ఠం 1) 0.7 వచ్చింది, ఇంకేం కావాలి అంటోంది ఒక పక్షం. ఆ ఒక్క అంకెతో, హైదరాబాద్ బస్తీలో ఒక తల్లి రోజుకు ఎన్ని కేలరీలు తింటోందో చెప్పగలమా?

దీనికి జవాబు 1986లోనే వచ్చింది. మార్టిన్ బ్లాండ్, డగ్లస్ ఆల్ట్‌మన్ అనే గణాంక శాస్త్రవేత్తలు ఊపిరిని ఎంత వేగంగా బయటికి ఊదగలమో కొలిచే పరికరాల ఉదాహరణతో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక వ్యాసం రాశారు. రెండు కొలతలు కలిసి పెరగడం వేరు, రెండూ ఒకే మాట చెప్పడం వేరు అన్నారు. నలుగురు 200, 300, 400, 500 గ్రాముల అన్నం తిన్నారనుకోండి. ప్రశ్నావళిలో 100, 150, 200, 250 అని తేలితే సహసంబంధం అక్షరాలా 1. సగం అన్నం మాత్రం లెక్కలో లేదు! అందుకే ఒక్కొక్కరి విషయంలో రెండు కొలతల తేడా తీయమన్నారు. ఆ తేడాల సగటుకు పైనా కిందా, ప్రామాణిక విచలనానికి (తేడాలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) 1.96 రెట్ల దూరంలో గీతలు గీయాలి. సుమారు 95 శాతం తేడాలు ఆ రెండు గీతల మధ్యే పడతాయి. సగటు తేడా సున్నాయే అయినా గీతలు చెరో 800 కేలరీల దూరంలో ఉంటే, ఆ ప్రశ్నావళితో ఏ ఒక్క మనిషి తిండి గురించీ మాట్లాడలేం.

ఎక్కువ తినేవాళ్లెవరో, తక్కువ తినేవాళ్లెవరో తెలిస్తే జబ్బుల అధ్యయనాలకు చాలన్నది ప్రశ్నావళి పక్షం వాదన. ఆ పనికి అది న్యాయమే.

కానీ పోల్చి చూసే పాత పద్ధతి కూడా మనిషి జ్ఞాపకం మీదే నడిస్తే? అమెరికాలో 484 మందిపై చేసిన ఓపెన్ అధ్యయనం ఫలితాలు 2003లో వచ్చాయి. ప్రత్యేక ఐసోటోపులున్న (మామూలు కంటే బరువైన పరమాణువులున్న) నీళ్లు తాగించి, ఒంట్లో ఖర్చయిన శక్తిని కొలిచారు; బరువు మారకపోతే తిన్నదీ దాదాపు అంతే. మగవాళ్లు పాత పద్ధతిలో, అంటే 24 గంటల రీకాల్‌లో 12 నుంచి 14 శాతం, ప్రశ్నావళిలో 31 నుంచి 36 శాతం తక్కువ చెప్పారని తేలింది. రెంటిలోనూ మరపు ఒకే వైపు లాగుతుంది కాబట్టి సహసంబంధం ఉన్నదానికంటే అందంగా కనిపించొచ్చు.

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు ఈ కష్టం కొత్త కాదు. 1972లో మొదలైన నేషనల్ న్యూట్రిషన్ మానిటరింగ్ బ్యూరో సర్వేల్లో సిబ్బంది కొలత కప్పులు పట్టుకుని ఇళ్లకు వెళ్లేవారు. ఇంట్లో వండింది ఎంత, ఎవరు ఎన్ని కప్పులు తిన్నారు అని అడిగి రాసుకునేవారు. ఫోన్‌లో పది నిమిషాల్లో నింపే ఫారం ఆ కప్పులకు బదులు కావాలంటే, 0.7 పక్కనే తేడాల గీతలు కూడా చూపించాలి.