‘దవాఖానల ఉన్నోళ్లంత సూదులేసుకున్నోళ్లే గద!’: కరోనా లెక్కల మీద అపోహలు, వాస్తవాలు

కరోనా బులెటిన్లు ఆగిపోయి ఏళ్లయినా వాటి స్క్రీన్‌షాట్లు మాత్రం ఇంకా ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి. పసిపిల్లకు టీకా వేయించమని ఆశా కార్యకర్త గడపలోకి వస్తే, ఇంట్లో ఒకరు ఫోన్ తీసి 2021 నాటి అంకెలు చూపిస్తారు. తప్పు వాళ్లది కాదు. లెక్క ఎలా చదవాలో చెప్పకుండా అంకెలను జనం మీదికి వదిలాం. జిల్లా స్థాయిలో ఈ లెక్కలతో పనిచేసేవాళ్లకు పదే పదే ఎదురయ్యే మాటలు ఇవి. మొదటిది అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసింది కాబట్టి దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

అపోహ: ఆస్పత్రిలో చేరినవాళ్లలో సగానికి పైగా టీకా వేసుకున్నవాళ్లే. అంటే టీకా పనిచేయలేదు.

ఒక ఊళ్లో 60 దాటినవాళ్లు 1000 మంది ఉన్నారనుకోండి. ఇవి లెక్క తెలియడానికి వేసుకున్న అంకెలే, ఏ ఊరి బులెటిన్‌లోవీ కావు. వాళ్లలో 900 మంది టీకా వేసుకున్నారు, 100 మంది వేసుకోలేదు. వైరస్ ఊరంతా తిరిగింది. వేసుకున్నవాళ్లలో 9 మంది, వేసుకోనివాళ్లలో 6గురు ఆస్పత్రిలో చేరారు. మొత్తం 15 మంది.

వార్డు గుమ్మంలో నిలబడి లెక్కపెడితే 15 మందిలో 9 మంది, అంటే 60 శాతం, టీకా వేసుకున్నవాళ్లే. ఫార్వర్డ్ మెసేజ్‌లో వచ్చేది ఈ అంకే, అది అబద్ధం కూడా కాదు. కానీ అడగాల్సిన ప్రశ్న వేరు. వేసుకున్న 900 మందిలో 9 మంది చేరారు, అంటే నూటికి ఒకరు. వేసుకోని 100 మందిలో 6గురు చేరారు, అంటే నూటికి ఆరుగురు. టీకా లేనివాళ్లకు ముప్పు ఆరు రెట్లు ఎక్కువ. ఇంకోలా చెబితే, ఆస్పత్రిలో పడే ముప్పును టీకా 83 శాతం తగ్గించింది.

ఇప్పుడు పక్క ఊరు చూడండి. అక్కడా 60 దాటినవాళ్లు 1000 మందే, టీకా అదే, వైరస్ అదే. కానీ వేసుకున్నవాళ్లు 400, వేసుకోనివాళ్లు 600. వేసుకున్నవాళ్లలో నూటికి ఒకరు చొప్పున నలుగురు, వేసుకోనివాళ్లలో నూటికి ఆరుగురు చొప్పున 36 మంది ఆస్పత్రిలో చేరారు. ఈ ఊరి వార్డులో టీకా వేసుకున్నవాళ్లు పదిశాతమే. రెండు స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెడితే మొదటి ఊళ్లో టీకా విఫలమైందనీ, రెండో ఊళ్లో బాగా పనిచేసిందనీ అనిపిస్తుంది. నిజానికి మొదటి ఊళ్లో మంచం పట్టింది 15 మంది, రెండో ఊళ్లో 40 మంది. టీకా వేసుకున్నవాళ్లు పెరిగేకొద్దీ వార్డులో వాళ్ల వాటా పెరగక తప్పదు. ఊరంతా వేసుకుంటే ఆస్పత్రిలో చేరిన ఒక్కరైనా టీకా వేసుకున్నవారే అవుతారు, అప్పుడు వాటా నూటికి నూరు.

మిర్యాలగూడ వైపు రైతులకు ఇది కొత్త లెక్క కాదు. ఆయకట్టులో నూటికి తొంభై ఎకరాలు కాలువ కింద, పది ఎకరాలు బోరు కింద ఉంటే, ఎండిన పొలాల జాబితాలో కాలువ పొలాలు కనిపించకుండా ఉంటాయా? అది చూసి కాలువ దండగ అని ఎవరూ అనరు. కాలువ కింద ఎకరాకు ఎన్ని గుంటలు ఎండింది, బోరు కింద ఎకరాకు ఎన్ని గుంటలు ఎండింది అని చూస్తారు. టీకా లెక్కలోనూ చూడాల్సింది అదే. లవం ఒక్కటే చూడొద్దు, హారం అడగండి. ‘ఇంతమంది చేరారు’ అని ఎవరైనా అంటే ‘ఎంతమందిలో?’ అనండి.

హారం దొరికాక కూడా ఇంకో గొయ్యి ఉంది. చదువుకున్నవాళ్లు, డాక్టర్లు కూడా ఇందులో పడ్డారు. అది వయసు.

మన దేశంలో టీకా అందరికీ ఒకేసారి రాలేదు. 2021 జనవరి 16న ఆరోగ్య సిబ్బందితో మొదలైంది. మార్చి 1 నుంచి 60 దాటినవాళ్లకు, 45 దాటి జబ్బులున్నవాళ్లకు. ఏప్రిల్ 1 నుంచి 45 దాటిన అందరికీ. మే 1 నుంచి 18 దాటినవాళ్లకు ఇచ్చారు. కాబట్టి ఆ ఏడాది జూన్‌లో ‘టీకా వేసుకున్నవాళ్లు’ అంటే ఎక్కువగా పెద్దవయసువాళ్లు, ‘వేసుకోనివాళ్లు’ అంటే ఎక్కువగా యువకులు. టీకా ఉన్నా లేకపోయినా పెద్దవాళ్లే ఎక్కువగా ఆస్పత్రి పాలవుతారు.

ఇదీ ఊహాలెక్కే, కాగితం మీద వేసి చూడండి. ఒక మండలంలో 10,000 మంది పెద్దలు. యువకులు 8000: వాళ్లలో వేసుకున్న 2000 మందిలో ఇద్దరు (0.1 శాతం), వేసుకోని 6000 మందిలో 18 మంది (0.3 శాతం) ఆస్పత్రిలో చేరారు. పెద్దవయసువాళ్లు 2000: వేసుకున్న 1800 మందిలో 36 మంది (2 శాతం), వేసుకోని 200 మందిలో 12 మంది (6 శాతం) చేరారు. రెండు వయసుల్లోనూ టీకా ముప్పును మూడోవంతుకు తగ్గించింది. ఇప్పుడు వయసు చెరిపేసి కలిపేయండి. వేసుకున్న 3800 మందిలో 38 మంది, అంటే 1 శాతం. వేసుకోని 6200 మందిలో 30 మంది, అంటే 0.48 శాతం. టీకా వేసుకున్నవాళ్లకే ముప్పు రెట్టింపు అన్నట్టు కనిపిస్తుంది! ఒక్క అంకె కూడా తప్పు లేదు. కలపకూడనివి కలపడం వల్ల లెక్క తలకిందులైంది.

కాబట్టి రెండు గుంపుల్ని గానీ, రెండు ప్రాంతాల్ని గానీ పోల్చేముందు ప్రతి వయసు వర్గానికీ విడిగా రేటు తీయాలి. అది లేని పోలికను, ఎవరు పంపినా సరే, పక్కన పెట్టాలి.

మూడో చిక్కు, ‘వేసుకున్నవాళ్లు’ అంటే ఎవరు? రెండో డోసు తర్వాత 14 రోజులు గడిచినవాళ్లనే చాలా నివేదికలు పూర్తి టీకా పొందినవాళ్లుగా లెక్కించాయి. కొన్నిచోట్ల ఒక్క డోసు వేసుకున్నా అదే గడిలో రాశారు. నిన్న సూది వేయించుకుని నేడు జ్వరంతో వచ్చినవాళ్లను ఎక్కడ రాశారో తెలియకుండా రెండు జిల్లాల అంకెలు పక్కపక్కన పెట్టడం వృథా.

2022 జనవరి 10 నుంచి 60 దాటి జబ్బులున్నవాళ్లకు ప్రికాషన్ డోసు, అంటే మూడో డోసు, మొదలైంది. అప్పటికి ఒమిక్రాన్‌తో టీకా వేసుకున్నవాళ్లకూ జ్వరాలొస్తున్నాయి. జ్వరం రాకుండా ఆపడం వేరు, ఆక్సిజన్ మంచం దాకా పోకుండా ఆపడం వేరు. మొదటి రక్షణ తొందరగా తగ్గింది, రెండోది నిలిచింది. ఆ తేడా చెప్పేవాళ్లు లేక, ‘వేసుకున్నా వస్తోందిగా’ అని షుగరు, బీపీ ఉన్న ముసలివాళ్లను ఇంట్లోనే ఉంచేశారు. ఈ అపోహ మీద అసలు కోపం అందుకే.

అపోహ: కేసులు ఎక్కువ చూపిన చోట పరిస్థితి ఘోరం, తక్కువ చూపిన చోట అంతా బాగుంది.

కేసు అంటే వచ్చిన జబ్బు కాదు, పరీక్షలో దొరికిన జబ్బు. 2021 జూలై చివర్లో దేశంలో రోజూ నమోదైన కేసుల్లో దాదాపు సగం కేరళవే. అందరూ కేరళను వేలెత్తి చూపారు. ఆ జూన్–జూలైలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నాలుగో విడత సీరో సర్వే రక్తంలో యాంటీబాడీలు, అంటే వైరస్ గానీ టీకా గానీ తగిలిన గుర్తులు, చూసింది: కేరళలో 44.4 శాతం, మధ్యప్రదేశ్‌లో 79 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 70.2, తెలంగాణలో 63.1. అంటే కేరళలో వైరస్ తగలనివాళ్లు ఇంకా ఎక్కువ మంది మిగిలారు, తగిలినవాళ్లలో ఎక్కువ మందిని పరీక్షలు పట్టుకున్నాయి.

ఈ సర్వేకు తెలంగాణలో తీసుకున్న మూడు జిల్లాల్లో నల్గొండ ఒకటి, మిగతావి జనగామ, కామారెడ్డి. 2020 ఆగస్టు–సెప్టెంబరులో జరిగిన రెండో విడత తర్వాత ఐసీఎంఆర్ వేసిన అంచనా ప్రకారం దేశంలో దొరికిన ఒక్కో కేసుకు 26 నుంచి 32 ఇన్ఫెక్షన్లు ఉన్నాయి. కాబట్టి ‘మా మండలంలో ఇరవై కేసులే’ అన్నమాటకు అర్థం, ఇరవై దొరికాయని మాత్రమే.

పోల్చాలంటే కేసులతో పాటు పరీక్షలు చూడండి. ఒకచోట 200 పరీక్షల్లో 20 పాజిటివ్, అంటే 10 శాతం. ఇంకోచోట 2000 పరీక్షల్లో 60, అంటే 3 శాతం. కేసులు రెండోచోట మూడురెట్లు, కానీ జబ్బు చేయిదాటింది మొదటిచోట. ఈ శాతం (పాజిటివిటీ) రెండు వారాలు వరసగా 5 శాతం లోపు ఉంటేనే అదుపులో ఉన్నట్టు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలో గీత గీసింది.

పరీక్ష ఏదో కూడా అడగాలి. పీహెచ్‌సీల్లో ఎక్కువగా వాడింది ర్యాపిడ్ యాంటీజెన్ కిట్. 2020 జూన్‌లో దాన్ని అనుమతించినప్పుడే, జబ్బున్నవాళ్లలో 50.6 నుంచి 84 శాతం మందినే అది పట్టుకుంటుందని ఐసీఎంఆర్ చెప్పింది. లక్షణాలుండి యాంటీజెన్ నెగెటివ్ వస్తే ల్యాబ్‌లో చేసే ఆర్‌టీపీసీఆర్ పరీక్ష తప్పనిసరి అన్నది అందుకే. ల్యాబ్ దగ్గరున్న పట్టణాన్నీ, కిట్ల మీదే నడిచిన ఏజెన్సీ పీహెచ్‌సీనీ ఒకే తక్కెడలో తూచలేం. ఇక 2022 జనవరికి ఇంటి కిట్లు వచ్చేశాయి. ఇంట్లో పాజిటివ్ చూసుకుని ఊరుకున్నవాళ్లు ఏ లెక్కలోకీ రాలేదు.

సోమవారం కేసులు తగ్గితే సంబరపడొద్దు, ఆదివారం పరీక్షలు తక్కువ. ఏడు రోజుల సగటు చూడండి. మరణాలు కేసుల కన్నా రెండు మూడు వారాలు వెనక నడుస్తాయి కాబట్టి, ఇవాళ్టి మరణాల్ని ఇవాళ్టి కేసులతో భాగిస్తే మరణాల శాతం ఉప్పెన ఎక్కుతున్నప్పుడు తక్కువగా, దిగుతున్నప్పుడు ఎక్కువగా కనిపిస్తుంది.

అపోహ: ఒక జిల్లాలో టీకా 100 శాతం దాటిందంటే అంకెలు దొంగవి.

దొంగలెక్క కానక్కర్లేదు. టీకాలు నమోదు చేసిన ప్రభుత్వ పోర్టల్ కోవిన్‌లో డోసు, సూది వేసిన కేంద్రం ఉన్న జిల్లా ఖాతాలో పడేది. నారాయణపేట నుంచి ముంబై, పుణె వలసపోయిన కూలీ అక్కడ వేయించుకుంటే అది మహారాష్ట్ర లెక్క. కల్వకుర్తి కుర్రాడు హైదరాబాద్‌లో పనిచోట వేయించుకుంటే అది హైదరాబాద్ లెక్క. కానీ హారంలో వాళ్లు సొంత జిల్లాలోనే ఉన్నారు. వలసపోయే పాలమూరు వెనకబడినట్టు, వలసొచ్చే నగరం నూరు దాటినట్టు కనిపించడం అందుకే. దీనికి తోడు హారం అంచనాయే. 2011 తర్వాత 2021లో జనగణన జరగలేదు. రెండో డోసుకు వేరే ఫోన్ నంబరుతో నమోదైతే అది మళ్లీ మొదటి డోసుగానే ఎక్కిన సందర్భాలూ ఉన్నాయి.

శాతం దేనిలో శాతమో చూడండి. తెలంగాణలో 18 దాటిన సుమారు 2.77 కోట్ల మందిని లక్ష్యంగా తీసుకుని 2021 డిసెంబరు చివర మొదటి డోసు నూరు శాతం అన్నారు. పిల్లలతో సహా మొత్తం జనాభాలో అది నూటికి 75 లోపే. అలాగే 2021 అక్టోబరు 21న దేశం 100 కోట్ల డోసులు దాటిందంటే 100 కోట్ల మంది అని కాదు, అందులో 70 కోట్ల దాకా మొదటి డోసులే.

‘ఆ జిల్లా రెండో డోసులో వెనకబడింది’ అనేముందు తేదీ చూడండి. కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య గడువును 2021 మేలో 12–16 వారాలకు పెంచారు, కోవాగ్జిన్‌కు 4–6 వారాలే. జూలైలో కోవిషీల్డ్ ఎక్కువ వాడిన జిల్లా వెనకబడినట్టు కనిపిస్తే, జనం ఎగ్గొట్టారని కాదు, చాలామందికి గడువే రాలేదు.

పేర్ల తిరకాసు కూడా ఉంది. 2011 జనగణనలో నల్గొండ జిల్లా జనాభా 34.88 లక్షలు. 2016 అక్టోబరులో సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాక మిగిలిన నల్గొండది, అదే జనగణన ప్రకారం, 16.18 లక్షలు. కొత్త జిల్లా కేసుల్ని పాత జనాభాతో భాగిస్తే రేటు సగానికి పైగా పడిపోతుంది. మహబూబ్‌నగర్‌తో ఇంకా జాగ్రత్త, నారాయణపేట 2019 ఫిబ్రవరిలో విడిపోయింది.

అపోహ: మరణాలన్నీ హైదరాబాద్‌లోనే, మన దగ్గర ఏమీ లేదు.

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. అచ్చంపేట మనిషి హైదరాబాద్ ఆస్పత్రిలో పోతే ఆ రిజిస్టర్ హైదరాబాద్‌దే. నివాస చిరునామా ప్రకారం విడదీయని జాబితాతో జిల్లాల్ని పోల్చొద్దు.

అపోహ: సూది వేసుకున్న వారంలో పోయాడు, సూదే చంపింది.

ఇంటి మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఈ మాట అంటే వాదించకూడదు, వినాలి. లెక్క మాత్రం ఇది. దేశంలో 2020లో మరణాల రేటు వెయ్యికి ఏటా 6. ఆ రేటున 16 లక్షల జిల్లాలో రోజుకు 26, 27 మంది ఏదో ఒక కారణంతో పోతారు. ఏ లక్ష మందిని తీసుకున్నా, సూది వేసినా వేయకపోయినా, ఒక వారంలో 11, 12 మంది. ఆ లక్షా వృద్ధులే అయితే ఇంకా చాలా ఎక్కువ. 2021 మార్చిలో వేసింది ఎక్కువగా వృద్ధులకే. కాబట్టి ‘సూది తర్వాత ఎంతమంది’ అన్నది చాలదు, అదే వయసులో, అన్ని రోజుల్లో మామూలుగా పోయేవాళ్ల కన్నా ఎక్కువా అన్నది తేల్చాలి.

అలా చూసే కోవిషీల్డ్ రకం టీకాతో అరుదుగా రక్తం గడ్డకట్టి ప్లేట్‌లెట్లు పడిపోయే జబ్బును గుర్తించారు. అది నిజం, దాచాల్సింది కాదు. 2021 మేలో టీకా తర్వాత వచ్చే ఇబ్బందుల్ని పరిశీలించే మన జాతీయ ఏఈఎఫ్‌ఐ కమిటీ దాని రేటును పది లక్షల డోసులకు 0.61గా చెప్పింది, బ్రిటన్‌లో అది 4. ఈ తేడాను చదివేటప్పుడూ పై జాగ్రత్తే: నివేదించినవే లెక్కలోకి వస్తాయి.

అందుకే ఏ టీకా తర్వాతైనా సరే, కేంద్రంలో అరగంట కూర్చోండి. తర్వాతి రోజుల్లో తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ఛాతీనొప్పి, ఆయాసం, కాలివాపు, ఆగని కడుపునొప్పి వస్తే ముందు దవాఖానకు పోండి. ఏఎన్‌ఎంకు టీకా పేరు, వేసిన తేదీ, బ్యాచ్ నంబరు చెప్పి రాయించండి. కోవిడ్ టీకా అయితే ఆ మూడూ సర్టిఫికెట్ మీదే ఉంటాయి. మనిషి పోయాక అయినా ఇంట్లోవాళ్లు రాయించవచ్చు.